లువాన్‌కి రెండు వయసులు

ముందే ఒప్పుకుంటున్నాను. ఆ ఎర్ర డ్రాయరును తెల్ల జెర్సీలతో కలిపి మెషీన్‌లో తిప్పింది నేనే. మా రేవు పట్నం డాలియన్‌లో ఈ కథను ఇప్పటికీ తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. ఒకడేమో లువాన్ కావాలనే చేశాడంటాడు, ఇంకొకడు క్లబ్బులో గిట్టనివాళ్ళు చేశారంటాడు. వాళ్ళెవరూ ఆ రోజు బట్టలుతికే గదిలో లేరు. నేనున్నాను. ఇరవయ్యారేళ్ళుగా ఉన్నాను. నా ఇంటిపేరు మౌ, ఆటగాళ్ళంతా మౌ అత్త అంటారు. వాళ్ళ మోకాళ్ళ మట్టీ మోచేతుల నెత్తురూ ఉతికిన చేతులివి, కాబట్టి వాళ్ళ గురించి మాట్లాడే హక్కు పత్రికలవాళ్ళకన్నా నాకే ఎక్కువ.

లువాన్ హైషెంగ్ పేరు మీరు విని ఉండరు. వినకపోవడంలో మీ తప్పేమీ లేదు. పదహారేళ్ళు మా ఫుట్‌బాల్ క్లబ్బుకు ఎడమవైపు కాచే లెఫ్ట్ బ్యాక్‌గా ఆడాడు, ఆ పదహారేళ్ళూ మా క్లబ్బు రెండో అంచె లీగ్‌లోనే పడి ఉంది. మొత్తం మీద నాలుగు గోల్స్ కొట్టాడు. మూడు అవతలివాళ్ళ వలలోకి, ఒకటి మా వలలోకే. కుర్రాళ్ళు అతన్ని ముసలి లువాన్ అంటారు. నేను మాత్రం మొదటినుంచీ చిన్న లువాన్ అనే పిలుస్తాను. ఎడమ గీత వెంబడి పైకి పరిగెత్తడం, బంతి పోతే మళ్ళీ కిందికి పరిగెత్తడం, ఇదే అతని బతుకు. ఆ బతుకులో అతనికి ఏ లోటూ కనబడలేదు. ఓడిపోయిన రోజున కూడా రెండు గిన్నెల అన్నం తినేవాడు. ఒక్క కోరిక మాత్రం ఉండేది. ఆట మానేసేలోగా పై లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడాలి. ఒక్కటంటే ఒక్కటి. ఆ మాట తల్లితో చెప్పాడు, పెళ్ళాంతో చెప్పాడు, నాతో వందసార్లు చెప్పి ఉంటాడు.

వాళ్ళది ల్యూషున్ అవతల సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. తండ్రి చేపల ఐసు లారీ నడిపేవాడు. తల్లి యూలాన్, నాకంటే నాలుగేళ్ళు పెద్దది, సముద్రపు నాచు తాళ్ళ మీద ఆరబెట్టే పనికి వెళ్ళేది. పిల్లవాడు ఆ తాళ్ళ మధ్యే బంతి తన్నుకుంటూ పెరిగాడు. ఎడమకాలు ఎలా అబ్బిందిరా అని ఒకసారి అడిగాను. ఎనిమిదేళ్ళప్పుడు కుడికాలి బూటు ముందు చిరిగిందట. కొత్తవి కొనమంటే తండ్రి, ఎడమది బాగానే ఉందిగా దాంతో తన్ను అన్నాడట. ఒక చలికాలమంతా ఎడమకాలితోనే తన్నాడు. డాలియన్‌లో లెఫ్ట్ బ్యాక్‌లు దొరక్క మొత్తుకునేవాళ్ళకి ఈ సంగతి తెలిస్తే ఊరందరి కుడి బూట్లూ కోసేసేవాళ్ళు.

మా క్లబ్బు పిల్లల బడికి పదకొండేళ్ళవాళ్ళను ఎంచుకుంటున్నారని కబురు వచ్చేసరికి లువాన్‌కి పదమూడు నిండాయి. రెండేళ్ళు ఎక్కువ. తండ్రి ఒక్క పూట ఆలోచించాడు. ఆ మధ్యాహ్నమే నమోదు కాగితాలు చూసే ఒక దూరపు బంధువు దగ్గరికి ఎండు రొయ్యల సంచీతో వెళ్ళి, సాయంత్రానికి కొడుకును రెండేళ్ళు చిన్నవాణ్ణి చేసుకుని వచ్చాడు. ఇది విని నోరు నొక్కుకోకండి. ఆ రోజుల్లో ఆటకి పంపే పిల్లవాడి వయసు తగ్గించనివాణ్ణి వెర్రివాడనేవాళ్ళు. అవతలి తండ్రులంతా తగ్గిస్తుంటే మనం నిజాయితీగా ఉంటే మన పిల్లాడే కదా పొట్టివాడయ్యేది అని లెక్క.

కాగితం మార్చడం తేలికే. జంతువును మార్చడమే కష్టం. మాలో ప్రతి ఏడాదికీ ఒక జంతువుంటుంది, పన్నెండేళ్ళకు చక్రం తిరిగి మళ్ళీ మొదటికొస్తుంది. మూడేళ్ళ పిల్లను లేపి అడిగినా తన జంతువు పేరు చెబుతుంది. అందుకే కోచ్‌లు కాగితం చూడరు, ఏ జంతువురా నువ్వు అని ఠపీమని అడుగుతారు. లువాన్ పుట్టింది డ్రాగన్ ఏట. కొత్త కాగితం ప్రకారం గుర్రం కావాలి. లారీలో డాలియన్ వచ్చేదాకా తండ్రి అతనిచేత గుర్రం, గుర్రం అని వల్లె వేయించాడు. మైదానంలో కోచ్ పేరు అడిగినా పిల్లవాడు గుర్రం అన్నాడు. కోచ్ పకపకా నవ్వి, ఆ రోజు తీసుకున్న ఇరవైమందిలో అతన్నీ రాసుకున్నాడు.

మొదటి మూడేళ్ళూ లువాన్ అందరికంటే పొడుగు, అందరికంటే బలం. తర్వాత మిగతా పిల్లలు ఎదిగారు. అప్పుడు తెలిసింది అతని బలమంతా ఆ రెండేళ్ళదేనని. ఇంకొకడైతే సిగ్గుపడి ఇంటికి పోయేవాడు. ఇతను అభ్యాసం అయ్యాక అందరూ స్నానాలకు పోతే ఎడమ గీత వెంబడి ఒక్కడే ఇంకో పదిసార్లు పరిగెత్తేవాడు. నేను బట్టల కోసం కాచుకుని కూర్చోవాల్సి వచ్చేది. ఒరే చిన్న లువాన్, నీ మూలాన నా బస్సు తప్పుతోందిరా అని తిట్టేదాన్ని. మర్నాడు వాళ్ళమ్మ పంపిన ఎండు నాచు కట్ట నా కుర్చీలో ఉండేది. అలాంటివాణ్ణి ఎంతసేపని తిట్టగలం చెప్పండి.

అతని అసలు వయసు నాకెలా తెలిసిందంటే, పెళ్ళి కుదిర్చింది నేను. మా మేడలో పై అంతస్తు అమ్మాయి నింగ్, ట్రాము నడుపుతుంది. గంట కొట్టకుండా అడ్డమొచ్చినవాణ్ణి కిటికీలోంచి తిట్టే రకం. లువాన్ మెతక మనిషి కదా, ఇద్దరికీ సరిపోతుందనిపించింది. చూసుకున్నారు, ఇష్టపడ్డారు. అంతలో నింగ్ తల్లి అడ్డం తిరిగింది. మా పిల్లది ఎలుక, అబ్బాయి గుర్రం, ఎలుకకీ గుర్రానికీ బద్ధవైరం, పెళ్ళయిన ఏడాదికే కొట్టుకు చస్తారంది. లువాన్ ముఖం చూడలేకపోయాం. అప్పుడు యూలాన్ అక్క నన్ను మెట్ల కిందికి లాక్కెళ్ళి చెప్పింది, వాడు గుర్రం కాదే తల్లీ, డ్రాగన్ అని. డ్రాగన్‌కీ ఎలుకకీ ఎంత పొత్తో మాలో అందరికీ తెలుసు. నేను పరుగున మెట్లెక్కాను. చూస్తే నింగ్ తల్లి మా వెనకే వచ్చి, మెట్ల మలుపులో నిలబడి అంతా వినేసింది. రెండేళ్ళు పెద్దవాడైనందుకు సంబరపడ్డ అత్తగారిని నేను అదే చూడటం. కళ్ళొత్తుకుని, ముందే చెబితే ఇంత కన్నీరు ఖర్చయ్యేది కాదుగా అంది.

ఇలా ఆ రహస్యం తల్లికి తెలుసు, పెళ్ళానికి తెలుసు, అత్తగారికి తెలుసు, నాకు తెలుసు. రహస్యమంటే మా ఊళ్ళో అందరికీ విడివిడిగా తెలిసిన సంగతి.

ఇక అసలు ఏడాదికి వస్తాను. ఆ ఏడాది మా క్లబ్బుకు ఏ గాలి తగిలిందో తెలియదు, గెలవడం మొదలుపెట్టింది. వేసవి మధ్యకు వచ్చేసరికి రెండో స్థానంలో ఉన్నాం. మొదటి ఇద్దరూ పై లీగ్‌కి వెళతారు. లువాన్‌కి కాగితం మీద ముప్పై నాలుగు. ముప్పై అయిదు దాటినవాళ్ళకు కొత్త కాంట్రాక్టు ఇవ్వకూడదని మా యజమాని నియమం పెట్టాడు. అంటే లువాన్‌కి ఇంకో ఏడాది ఉంది, సరిగ్గా ఒక్కటే, ఆ ఒక్కటీ పై లీగ్‌లో. కాంట్రాక్టు కాగితం సిద్ధంగా ఉందని, ఆకురాలు కాలంలో సంతకమని మేనేజర్ షావ్ అతనితో చెప్పాడు. ఆ సంగతి చెప్పడానికి లువాన్ నా గదికి వచ్చి, ఉతికిన తువ్వాళ్ళు మడత పెట్టి వెళ్ళిపోయాడు.

అయితే అది డ్రాగన్ సంవత్సరం. ఎవరి జంతువు ఏడాది వాళ్ళకు గండం. ఆ ఏడాది ఒంటిమీద ఎర్రది ఉండాలి, అదీ పెద్దవాళ్ళు ఇచ్చినది. మేజోళ్ళో, నడుముకి తాడో, డ్రాయరో. యూలాన్ అక్క తన చేత్తో కుట్టిన ఎర్ర డ్రాయర్లు మూడు పంపింది. లువాన్ మొత్తుకున్నాడట, బట్టలు మార్చుకునే గదిలో ఎవరైనా చూస్తే కొంప మునుగుతుందమ్మా, కాగితం ప్రకారం నా గండం ఇంకో రెండేళ్ళకి అని. ఆవిడ ఒకటే మాట అందట.

"గండం కాగితం చూసి వస్తుందేంట్రా?"

పాపం వేసుకునేవాడు. అందరికంటే ముందొచ్చి, మూలకు తిరిగి, తువ్వాలు చుట్టుకుని మార్చుకునేవాడు, ఇంటికి పట్టుకెళ్ళి తనే ఉతుక్కునేవాడు. ఆ ఆదివారం మాత్రం జోరువానలో మ్యాచ్ అయింది. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. నిక్కరూ డ్రాయరూ ఒక్క లాగుడుకే ఊడొచ్చాయి. ఆ మూటను అలాగే తన నంబరు సంచీలో కుక్కి వేడినీళ్ళ కిందికి పరిగెత్తాడు. సోమవారం పొద్దున ఆ సంచీల్లోని బట్టలు విప్పి చూడాల్సిన బాధ్యత నాది. చూడలేదు. అందరివీ గుమ్మరించి మెషీన్ తిప్పాను. మా కోడలితో ఫోన్లో గొడవపడుతున్నాను, అంతకంటే కారణం లేదు.

మూత తీస్తే పద్దెనిమిది తెల్ల జెర్సీలూ పెళ్ళికూతురు బుగ్గల్లా గులాబీ రంగులో మెరిసిపోతున్నాయి. మధ్యలో ఎర్ర డ్రాయరు. నడుము దగ్గర కుట్టు చూడగానే తెలిసిపోయింది, వలలు అల్లే ముడి అది, ఏ దుకాణంలోనూ దొరకదు. దాన్ని దాచేద్దామని చేయి పెట్టేలోగా వెనకాలే మేనేజర్ షావ్ నిలబడి ఉన్నాడు. శనివారం మ్యాచ్‌కి అవే జెర్సీలు. రెండో జత నీలం, వచ్చే జట్టుదీ నీలమే.

షావ్ ఆ డ్రాయరును చీపురుకట్టకు తగిలించుకుని భోజనాల హాల్లోకి వెళ్ళాడు. జట్టంతా వంజరం చేప కూరిన కుడుములు తింటున్నారు. ఇది ఎవడిది అని అడిగాడు. హాలు హాలంతా నవ్వు. సొంత లోబట్టలు క్లబ్బు ఉతుకులో వేయకూడదని నియమం ఉంది, ఎవడైతే వాడు శనివారం ఆడకుండా ప్రేక్షకుల మెట్ల మీద కూర్చుని చూస్తాడు అన్నాడు షావ్. నవ్వు ఆగింది. జట్టులో డ్రాగన్ ఎవడని అడిగాడు. అందరూ రెన్ యావ్ వైపు చూశారు.

రెన్ యావ్‌కి ఇరవై నాలుగు. ముందు వరసలో ఆడతాడు. రెండేళ్ళు బెంచీ మీద కూర్చుని కూర్చుని, సొంత మైదానంలో మొదటి నిమిషం నుంచీ ఆడే అవకాశం ఆ శనివారమే మొదటిసారి వచ్చింది. చిన్నప్పటినుంచీ పెంచిన నాయనమ్మ అది చూడటానికి జువాంగ్‌హ నుంచి బస్సులో వస్తోంది. ఆ కుర్రాడు బుర్ర గోక్కుని, నాదే అయ్యుంటుంది సార్, మా నాయనమ్మ ఆరు పంపింది, నేనెప్పుడూ లెక్కపెట్టలేదు అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే తనదే అనుకున్నాడు. శనివారం మెట్ల మీద అన్నాడు షావ్. వాడు సరేనని తలూపి చేతిలో కుడుమును మళ్ళీ గిన్నెలో పెట్టేశాడు. లువాన్ చెవులు ఆ డ్రాయరు కంటే ఎర్రగా ఉన్నాయి. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను.

మంగళవారం లువాన్ నా గదికి వచ్చి తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. నేను జెర్సీలను వెనిగర్‌లో నానబెడుతున్నాను. తనూ ఒకటి తీసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. అతను నోరు తెరవకముందే నాకు విషయం అర్థమైంది. కోపం వచ్చింది.

"నోర్మూసుకుని ఉండు. వాడికి ఇరవై నాలుగు, ముందు ఇంకా పదేళ్ళుంది. నీకున్నది ఒక్క ఏడాది," అన్నాను.

"తెలుసు అత్తా."

"తెలిస్తే ఇంటికిపో."

వెళ్ళలేదు. ఆ జెర్సీ రుద్దడం అయ్యేదాకా కూర్చున్నాడు. దాని వెనక రెన్ యావ్ నంబరు ఉంది. తర్వాత చేతులు తుడుచుకుని లేచాడు. నేను అలా ఎందుకన్నానని మీరు అడగొచ్చు. సిగ్గులేకుండా చెబుతాను. రెన్ యావ్ మంచి పిల్లాడే గానీ, లువాన్ నాకు కొడుకులాంటివాడు. కొడుకు దగ్గర న్యాయం గుర్తుకు రాదు.

అతను మేనేజర్ గది వైపు మలుపు తిరగగానే, తడి జెర్సీల తట్ట ఎత్తుకుని నేనూ వెనకే వెళ్ళాను. తట్ట చేతిలో ఉంటే నన్ను ఎవరూ ఆపరు. తలుపు సగం తెరిచే ఉంది.

ఆ డ్రాయరు నాదన్నాడు లువాన్. షావ్ కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

"నీదెలా అవుతుంది? నీది గుర్రం."

"కాగితం మీద గుర్రం. అమ్మ కన్నది డ్రాగన్‌ని."

షావ్ పెన్ను కింద పెట్టాడు. లేచి వచ్చి తలుపు మూయబోయి నన్ను చూశాడు. పొమ్మనలేదు. నన్ను లోపలికి లాగి తలుపేశాడు.

"లువాన్, నేనేం వినలేదు. ఈవిడా వినలేదు. వెళ్ళి పని చూసుకో."

"వినలేదంటే మళ్ళీ చెప్తాను సార్."

"చెప్పకు. నాకు తెలీదనుకున్నావా? నువ్వు బడిలో చేరినప్పుడు నేను అక్కడ గుమాస్తాని. పదకొండేళ్ళ పిల్లాడికి మీసం మొలవడం ఈ కళ్ళతో చూశాను. తెలియడం వేరు, వినడం వేరు. నువ్వు నోటితో చెప్తే నేను పైకి రాయాలి. రాస్తే నీకు పై లీగ్ లేదు, అసలు ఏ లీగూ లేదు. ఒక్క ఏడాది ఊరుకోలేవా?"

"వాళ్ళ నాయనమ్మ టిక్కెట్టు కొనేసింది సార్."

"వాడు ఇంకో శనివారం ఆడతాడు. కుర్రాడు, ఏం పోయింది?"

లువాన్ ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాట్లాడిందే నేను అతని నోట విన్న అన్నిటికంటే పొడుగు మాట.

"నేనొచ్చిన రోజు ఇరవైమందిని తీసుకున్నారు. నేను రాకపోతే ఇరవయ్యోవాడు ఇంకెవడో ఉండేవాడు, నిజంగా పదకొండేళ్ళవాడు. వాడికీ ఇలాగే చెప్పి ఉంటారు సార్, కుర్రాడివి, ఇంకో ఏడాది రా అని. మళ్ళీ వచ్చాడో లేదో. వాడెవడో నాకు తెలీదు. పేరు కూడా తెలీదు. రెన్ యావ్ పేరు నాకు తెలుసు."

షావ్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. బయట పొగమంచులో మైదానం సగమే కనిపిస్తోంది. తర్వాత కుర్చీలో కూర్చుని తెల్ల కాగితం ముందుకు లాక్కున్నాడు.

"అసలు పుట్టినరోజు చెప్పు," అన్నాడు.

నా చేతుల్లోంచి తట్ట జారింది. కార్పెట్టంతా గులాబీ నీళ్ళు. ఎవరూ నన్ను తిట్టలేదు.

శనివారం మా జట్టు లేత గులాబీ జెర్సీల్లో దిగింది. వెనిగర్‌తో నానబెట్టినా, సోడా వేసినా, ఎండలో పెట్టినా అంతకంటే తెల్లబడలేదు. రిఫరీ రెండు జట్లనీ పక్కపక్కన నిలబెట్టి చూసి, నీలానికీ దీనికీ తేడా తెలుస్తోందిలే అన్నాడు. జనం మొదట ఈలలు వేసి, పావుగంటయ్యాక ఆ రంగే మాకు కలిసొచ్చిందని తేల్చేశారు. రెన్ యావ్ మొదటి నిమిషం నుంచి ఆడాడు. గొప్పగా ఆడాడని చెప్పాలని నాకూ ఉంది, కానీ ఒకసారి బంతిని గోల్ స్తంభానికి కొట్టాడు, ఇంకోసారి తన బంతి మీద తనే పడ్డాడు. మ్యాచ్ సున్నా సున్నా. నాయనమ్మకి ఆటంటే ఏమిటో తెలియదు. మనవడు పడ్డప్పుడల్లా లేచి నిలబడింది, వాడు లేచాక కూర్చుంది. అయిపోయాక ఉడకబెట్టిన వేరుశెనక్కాయల సంచీ జట్టుకంతటికీ పంచింది. లువాన్ కూడా గుప్పెడు తీసుకున్నాడు. అప్పటికి అతనిమీద ఆరునెలల నిషేధం పడింది. కాంట్రాక్టు కాగితాన్ని షావ్ తనే చించాడు, ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.

ఆ డ్రాయరు అసలు ఎవరిదో తెలిశాక రెన్ యావ్ నా గదికొచ్చి ఏడ్చాడు, అన్న నాకోసం పోగొట్టుకున్నాడత్తా అని. ఏడవడం ఆపి గోల్ కొట్టడం నేర్చుకోరా అన్నాను. నేర్చుకున్నాడు. ఆఖరి మూడు మ్యాచ్‌ల్లో నాలుగు కొట్టాడు. మా క్లబ్బు రెండో స్థానంలో ముగించి పై లీగ్‌కి వెళ్ళింది. ఊరంతా బాణసంచా కాల్చింది. లువాన్ ఆ సాయంత్రం నింగ్ నడిపే ట్రాములో డిపో నుంచి సముద్రం దాకా, సముద్రం నుంచి డిపో దాకా కిటికీ పక్కన కూర్చుని తిరిగాడట. నింగ్ గంట కొట్టుకుంటూ నడిపిందట. బాధపడ్డాడా అని అడిగాను. పడ్డాడు అంది. ఆకలేస్తోందని కూడా అన్నాడు అంది.

కాగితం సరిచేయించుకోవడం ఇంకో కథ. తగ్గించడానికి ఒక్క పూట, పెంచడానికి నాలుగు నెలలు. తండ్రి పోయాడు, ఆ బంధువూ పోయాడు. పురుడు పోసిన ముసలావిడను పట్టుకొస్తే ఆవిడ ఆ ఏడాది వంద పురుళ్ళు పోశాను, వీడెవడో నాకేం తెలుసంది. చివరికి పల్లెలో అదే నెల పుట్టిన ముగ్గురు వచ్చి వేలిముద్రలు వేశారు. కొత్త కాగితం వచ్చిన రోజున లువాన్ బీరు తెచ్చి, ఒక్క రోజులో రెండేళ్ళు ముసలివాణ్ణయ్యాను, తాగండి అన్నాడు. మునిసిపల్ బడిలో ఆటల మాస్టారుగా చేరాడు. మోకాళ్ళ నొప్పులు తగ్గాయి, కాస్త ఒళ్ళు చేశాడు. ఎవరైనా వయసు అడిగితే అడిగినదానికంటే గట్టిగా చెబుతాడు.

వసంతంలో పై లీగ్ మొదటి మ్యాచ్ మా మైదానంలోనే. లువాన్ నాలుగు టిక్కెట్లు కొన్నాడు. తనకీ, నింగ్‌కీ, నాకూ, తల్లికీ. ఉతుకు పని కోడలికి అప్పగించి నేనూ ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి మెట్ల మీద కూర్చున్నాను. యూలాన్ అక్కకి అసలు మైదానంలో అడుగు పెట్టడమే మొదటిసారి. కొడుకు పదహారేళ్ళు ఆడినా ఒక్క మ్యాచ్‌కి రాలేదు. కొడుక్కి దెబ్బ తగిలితే చూడలేననేది. అసలు సంగతి ఆ రోజు పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ నాకు చెప్పింది. పక్కనెవరైనా మీవాడికి ఎన్నేళ్ళండీ అని అడుగుతారేమోనని భయమట. అడిగితే ఏ లెక్క చెప్పాలో తోచక ఇంట్లోనే ఉండిపోయిందట. ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి. కొడుకు ఆట చూసుకునే భాగ్యం పదహారేళ్ళూ తనకు తనే లేకుండా చేసుకుంది పిచ్చిది.

జట్లు బయటికి వచ్చాయి. లువాన్ లేచి నిలబడ్డాడు. కూర్చోమని వెనకవాళ్ళు అరిచినా చాలాసేపు కూర్చోలేదు. ఎడమ గీత దగ్గరికి మూడో నంబరు కుర్రాడు పరిగెత్తాడు. ఆ నంబరు పదహారేళ్ళు లువాన్‌ది. ఆట మొదలయ్యాక ఆ కుర్రాడు ముందుకు పరిగెత్తినప్పుడల్లా లువాన్ మోకాలు నా మోకాలికి తగులుతూనే ఉంది. అరగంటప్పుడు వాడు గీత చివరిదాకా వెళ్ళి బంతిని లోపలికి వేశాడు, రెన్ యావ్ తలతో కొట్టాడు, గోల్. మైదానమంతా లేచింది. లువాన్ ముఖం మీద కన్నీళ్ళు కారుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

అందరూ కూర్చున్నాక యూలాన్ అక్క అడిగింది.

"హైషెంగ్, నీ చోట ఆడుతున్నాడే, వాడెలా ఆడుతున్నాడ్రా?"

"నాకంటే బాగా ఆడుతున్నాడమ్మా."

ఆవిడ ఆ మూడో నంబరు వైపు చూసింది. గింజల పొట్టు ఒళ్ళోంచి దులుపుకుంది.

"ఎన్నేళ్ళు వాడికి?"

"ఇరవయ్యొకటి."

"నిజంగా ఇరవయ్యొకటేనా?"

లువాన్ తల్లి భుజాల చుట్టూ చేయి వేశాడు.

"నిజంగానేనమ్మా. నేను అడిగాను," అన్నాడు.